గది గదికి వెచ్చదనం: ఉత్తర తెలంగాణ ఇళ్లలో ఉష్ణ నియంత్రణ

ఇంట్లో ఒక్కో భాగానికి ఎంత వేడి, ఎంత చల్లదనం కావాలో విడివిడిగా నిర్ణయించుకునే ఏర్పాటును బహుళ జోన్ ఉష్ణ నియంత్రణ అంటారు. చలి దేశాల్లో ఇది ఒకే బాయిలరు మీదో, ఒకే ఫర్నేసు మీదో నడిచే పెద్ద వ్యవస్థ. ఉమ్మడి ఆదిలాబాద్, కరీంనగర్ జిల్లాల్లో మాత్రం ఈ పనిని గీజరు, రూమ్ హీటరు, కూలరు, ఏసీ, ఫ్యాను, కొన్ని ఊళ్లలో ఇప్పటికీ కుంపటి పంచుకుంటున్నాయి. ఏర్పాట్లు వేరైనా రెండు చోట్లా వచ్చే చిక్కు ఒకటే. మీటలు పెరిగిపోయాయి, ఏ మీట ఏం చేస్తుందో ఇంట్లో ఒకరిద్దరికి తప్ప తెలియదు. ఆ ఒకరిద్దరు ఊరికి వెళ్లిన రోజున మిగతావాళ్లు చలికి వణకడమో, అక్కర లేకున్నా హీటరు నడుపుకోవడమో జరుగుతుంది.

వాతావరణం

తెలంగాణలో చలి మాట వస్తే ముందు వినిపించే పేరు ఆదిలాబాద్. సముద్రానికి దూరంగా, విదర్భకు ఆనుకొని, అడవులు గుట్టల మధ్య ఉన్న ఈ ప్రాంతానికి శీతాకాలంలో ఉత్తరం నుంచి పొడిగాలి నేరుగా వస్తుంది. డిసెంబరు, జనవరి నెలల్లో రాష్ట్రంలోకెల్లా తక్కువ ఉష్ణోగ్రత నమోదైన ఊళ్ల జాబితాలో భీంపూర్ మండలం అర్లి(టి), కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలోని సిర్పూర్(యు), తిర్యాణి మండలం గిన్నెధరి తరచూ కనిపిస్తాయి. పాదరసం 5 డిగ్రీల కిందికి దిగిన రాత్రులు కూడా ఉన్నాయి. పుష్యమాస అమావాస్యకు ఇంద్రవెల్లి మండలం కేస్లాపూర్‌లో మొదలయ్యే నాగోబా జాతర సరిగ్గా ఈ చలి రోజుల్లోనే వస్తుంది. దిగువ మానేరు ఒడ్డున ఉన్న కరీంనగర్‌లో చలి ఇంత కఠినంగా ఉండదు. అక్కడ తెల్లవారుజామున దుప్పటి చాలినన్ని రోజులే ఎక్కువ.

ఇదే నేల మే నెలలో మండిపోతుంది. రామగుండం, మంచిర్యాల బొగ్గు ప్రాంతంలోను, జగిత్యాల, నిర్మల్ వైపునా ఎండ 45 డిగ్రీలు దాటడం ఏటా చూసేదే. అంటే ఒకే ఇల్లు ఏడాదిలో 40 డిగ్రీల తేడాను తట్టుకోవాలి.

ఇంటి ఏర్పాటుకు ఇంతకంటే ముఖ్యమైన లెక్క మరొకటి ఉంది. అది ఒకే రోజులో వచ్చే తేడా. జనవరిలో ఆదిలాబాద్ పట్టణంలో తెల్లవారుజామున పదికి అటూ ఇటూ ఉన్న ఉష్ణోగ్రత మధ్యాహ్నానికి 28 డిగ్రీల దాకా వెళ్తుంది. పదింటికల్లా ఎండ వెచ్చగా తగులుతుంది, స్వెట్టర్లు విప్పేస్తారు. కెనడాలోనో జర్మనీలోనో మాదిరిగా ఇల్లంతటినీ రోజంతా వేడి చేయాల్సిన అవసరం ఇక్కడ రాదు. పడుకునే గదికి రాత్రి చివరి జాములో కొంత, స్నానాల గదిలో ఉదయం గంటో రెండు గంటలో వేడి ఉంటే చాలు. జోన్లను గదుల్ని బట్టి కాకుండా వేళల్ని బట్టి విడదీయాల్సిన ప్రాంతమిది. ఈ సంగతి గ్రహించకుండా చలి దేశాల పద్ధతిని ఉన్నదున్నట్టు దింపుకుంటే డబ్బు వృథా, మీటలు దండగ.

పాత ఇళ్ల పద్ధతి

మందపాటి మట్టి గోడలు, పైన గూన పెంకులో మట్టి మిద్దెనో, మధ్యలో వాకిలి, వాకిలి చుట్టూ అర్రలు. ఉమ్మడి కరీంనగర్ పల్లెల్లో పాత ఇల్లు ఇలాగే ఉండేది. మట్టి గోడ పగటి వేడిని మెల్లగా పీల్చుకొని చాలా గంటలు ఆలస్యంగా లోపలికి వదులుతుంది. అందుకే మిట్టమధ్యాహ్నం అర్ర చల్లగా, అర్ధరాత్రి వెచ్చగా ఉండేది. ఎండాకాలం రాత్రి మంచాలు వాకిట్లోకో మిద్దె మీదికో వెళ్లేవి, చలికాలంలో లోపలి అర్రలోకి వచ్చేవి. వేడిని గదికి తెచ్చే బదులు మనుషులే తగిన గదికి మారేవారు. దీనికి మీటలు అక్కర్లేదు. కాలాన్ని బట్టి మంచం ఎక్కడ వేయాలో చిన్న పిల్లలకు కూడా తెలుసు.

కాంక్రీటు స్లాబు వచ్చాక ఈ సౌకర్యం పోయింది. స్లాబు ఎండకు కాగి, సాయంత్రం నుంచి అర్ధరాత్రి దాకా ఆ వేడిని కింది గదిలోకి దింపుతుంది. శీతాకాలపు నిర్మలమైన రాత్రుల్లో అదే స్లాబు తన వేడిని ఆకాశానికి వదిలి తొందరగా చల్లబడుతుంది. అందువల్ల పై అంతస్తు గది రెండు కాలాల్లోనూ ఇబ్బంది పెడుతుంది. పైకప్పుకు తెల్లని పూత వేస్తే ఎండాకాలపు వేడి చాలా తగ్గుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023 ఏప్రిల్‌లో ప్రకటించిన చల్లని పైకప్పుల విధానం ఈ ఆలోచన మీదే నిలబడింది. మీటల గురించి మాట్లాడే ముందు పైకప్పు గురించి మాట్లాడాలి. కప్పు సరిగా ఉంటే తిప్పాల్సిన మీటలే తగ్గుతాయి.

మంట, కుంపటి, కాగు

విద్యుత్తు రాకముందు చలికి ఆసరా మూడు రకాలుగా ఉండేది. ఆరుబయట చలిమంట, లోపల బొగ్గుల కుంపటి, స్నానానికి కట్టెల పొయ్యి మీద కాగు. పైన కప్పుకోవడానికి గొర్రె ఉన్నితో నేసిన గొంగడి. సింగరేణి బొగ్గుగనుల ప్రాంతంలో బొగ్గు చవకగా దొరికేది గనక అక్కడి ఇళ్లలో వంటకూ చలికీ బొగ్గు పొయ్యి చాలాకాలం నడిచింది. కుంపటిని ఎక్కడ కావాలంటే అక్కడికి తీసుకుపోవచ్చు, మంచం పక్కన పెట్టుకోవచ్చు. బొగ్గులు కదిలిస్తే వేడి పెరుగుతుంది, బూడిద కప్పితే తగ్గుతుంది. నియంత్రణ అంతా చేతిలోనే ఉంటుంది.

దాని ప్రమాదమూ అంతే దగ్గర్లో ఉంటుంది. తలుపులు, కిటికీలు మూసిన గదిలో బొగ్గు మండితే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి వాసన లేదు, రంగు లేదు. నిద్రలో ఉన్నవారు మేలుకోకుండానే ప్రాణాలు పోతాయి. రాత్రి కుంపటి పెట్టుకొని పడుకునేవాళ్లు తలుపో కిటికీనో కాస్త తెరిచి ఉంచితే చాలని అనుకుంటారు. అది చాలదు. నిద్రపోయే గదిలో నిప్పు ఉండకూడదు.

థర్మోస్టాట్ పుట్టుక

వేడిని తనంతట తానే అదుపు చేసే పరికరాన్ని, అంటే థర్మోస్టాట్‌ను, 17వ శతాబ్దంలోనే డచ్చి శాస్త్రజ్ఞుడు కార్నీలిస్ డ్రెబెల్ గుడ్లు పొదిగే పెట్టె కోసం తయారు చేశాడు. ఇళ్లలోకి అది రావడానికి మరో రెండు శతాబ్దాలు పట్టింది. అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రం వైట్‌వాటర్ కళాశాలలో వారెన్ జాన్సన్ అనే ఉపాధ్యాయుడు ఉండేవాడు. ఏ తరగతి గది ఎంత చల్లగా ఉందో చూడటానికి నౌకరు పాఠం మధ్యలో లోపలికి వచ్చి, మళ్లీ నేలమాళిగలోకి దిగి పొయ్యి సరిచేసేవాడు. ఈ అంతరాయం తప్పించడానికి జాన్సన్ ప్రతి గదిలో ఒక పరికరం పెట్టాడు. గది చల్లబడితే అది కింద గంట మోగించేది. 1883లో ఆయనకు దాని మీద పేటెంటు వచ్చింది, 1885లో మిల్వాకీలో ఆయన సంస్థ మొదలైంది. మొదటి నుంచీ ఇది గది గదికి వేరైన నియంత్రణే. పొయ్యి దగ్గర ఉన్న మనిషికి ఎక్కడ చలిగా ఉందో తెలియాలన్నదే ఆ ఆలోచన.

అదే కాలంలో, 1885 ప్రాంతంలో, ఆల్బర్ట్ బట్జ్ మినియాపొలిస్‌లో బొగ్గు పొయ్యి గాలి తలుపును గది ఉష్ణోగ్రతను బట్టి తెరిచే మూసే యంత్రం చేశాడు. తర్వాత హనీవెల్‌గా పేరొందిన సంస్థకు మూలం అదే. ఆ సంస్థ 1953లో విడుదల చేసిన గుండ్రని థర్మోస్టాట్‌ను రూపకర్త హెన్రీ డ్రైఫస్ తీర్చిదిద్దాడు. మధ్యలో ఒక అంకె, చుట్టూ తిప్పే ఒక వలయం, అంతకు మించి ఏమీ లేదు. గోడ మీద వంకరగా బిగించినా గుండ్రంగానే కనిపిస్తుంది. దశాబ్దాల పాటు కోట్ల ఇళ్లలో అది నిలబడటానికి ఆ సరళతే కారణం.

నా లెక్కలో ఇంతకంటే గొప్ప పరికరం డెన్మార్క్‌లో పుట్టింది. డాన్‌ఫాస్ సంస్థ స్థాపకుడు మాడ్స్ క్లాసెన్ 1943లో రేడియేటర్‌కు తగిలించే థర్మోస్టాట్ వాల్వు కనిపెట్టాడు. దాని పిడి లోపల గది వేడికి వ్యాకోచించే పదార్థం ఉంటుంది. గది వెచ్చబడితే అది ఉబ్బి వాల్వును మూస్తుంది, చల్లబడితే ముడుచుకొని తెరుస్తుంది. తీగ లేదు, కరెంటు లేదు, తెర లేదు. పిడి మీద 1 నుంచి 5 దాకా అంకెలు, మధ్యలోని 3 దగ్గర ఉంచితే గది దాదాపు 20 డిగ్రీల వద్ద నిలుస్తుంది. ప్రతి గదీ ఒక జోనే, అయినా ఎవరికీ ఏదీ నేర్పనక్కర్లేదు.

జోన్ల వ్యవస్థ లోపల

నీటితో నడిచే వ్యవస్థ లోపల ఏం జరుగుతుందో ఒక్కసారి చూద్దాం. పై అంతస్తు పడకగది గోడ మీద థర్మోస్టాట్‌ను 20 డిగ్రీల దగ్గర పెట్టారు. గది 19కి దిగింది. థర్మోస్టాట్‌లోని కాంటాక్టు కలుస్తుంది. 24 వోల్టుల చిన్న కరెంటు ఆ జోన్ వాల్వులోని మోటారును తిప్పుతుంది. వాల్వు పూర్తిగా తెరుచుకున్నాక దాని చివర ఉన్న చిన్న స్విచ్చు కలిసి బాయిలరుకు కబురు పంపుతుంది. బాయిలరు వెలుగుతుంది, పంపు తిరుగుతుంది, వేడి నీరు ఆ గది గొట్టాల్లోకి పోతుంది. గది 20 దాటగానే కాంటాక్టు విడిపోతుంది, వాల్వు మూసుకుంటుంది, ఇంకే జోనూ అడగకపోతే బాయిలరు ఆగుతుంది. గాలితో నడిచే వ్యవస్థలో వాల్వులకు బదులు గాలి గొట్టాల్లో తెరుచుకునే రేకు తలుపులు ఉంటాయి.

జోన్లు పెరిగినకొద్దీ చిక్కులు మొదలవుతాయి. ఒక్క చిన్న స్నానాల గది అడిగినా పెద్ద బాయిలరు వెలగాలి. ఆ చిన్న గొట్టం అంత వేడిని తీసుకోలేదు, నిమిషాల్లోనే బాయిలరు ఆగుతుంది, మళ్లీ వెలుగుతుంది. పదే పదే ఇలా జరిగితే ఇంధనం వృథా అవుతుంది, యంత్రం ఆయుష్షు తగ్గుతుంది. అందుకే అనుభవమున్న పనివారు ఒకే వేళల్లో వాడే గదుల్ని ఒకే జోన్‌లో కలిపేస్తారు. వ్యవస్థను సులభం చేయడంలో మొదటి పని మీటల్ని అందంగా చేయడం అనుకుంటారు చాలామంది. అసలు పని జోన్ల సంఖ్యను తగ్గించడం. ఆరు జోన్ల ఇంటిని మూడు జోన్లు చేస్తే ఆరు థర్మోస్టాట్లకు బదులు మూడు మిగులుతాయి, యంత్రమూ కుదురుగా నడుస్తుంది.

రెండో పని యంత్రం తనంతట తాను చేసుకోగలిగినదాన్ని మనిషి మీదకు తేకపోవడం. బయటి ఉష్ణోగ్రతను చూసి బాయిలరు నీటి వేడిని తగ్గించుకునే, పెంచుకునే ఏర్పాటు ఇందుకు ఉదాహరణ. బయట చలి ఎంత ఉందో దానికే తెలుసు గనక ఇంట్లోవాళ్లు దేన్నీ తిప్పనక్కర్లేదు.

మీట ముందు మనిషి

థర్మోస్టాట్‌ను జనం ఎలా అర్థం చేసుకుంటారన్న ప్రశ్నను అమెరికన్ పరిశోధకుడు విల్లెట్ కెంప్టన్ 1986లో ప్రచురించిన పరిశోధనలో తీసుకున్నాడు. ఇళ్లలో రెండు నమ్మకాలు ఉన్నాయని ఆయన తేల్చాడు. ఒకటి సరైనది: థర్మోస్టాట్ గది వేడిని చూసి యంత్రాన్ని నడపడమో ఆపడమో చేస్తుంది. రెండోది నల్లా లాంటి నమ్మకం: ఎంత ఎక్కువ తిప్పితే అంత ఎక్కువ వేడి వస్తుంది. నల్లా నమ్మకం ఉన్నవాళ్లు గది త్వరగా వెచ్చబడాలని 20 కావలసిన చోట 30 పెడతారు. సాధారణ బాయిలరుకు 20 అయినా 30 అయినా వేడెక్కే వేగం ఒకటే. 30 పెట్టడం వల్ల జరిగేదల్లా 20 దగ్గర ఆగాల్సినది ఆగకపోవడం. మన దగ్గర ఎండలో బయటి నుంచి వచ్చి ఏసీని 16కి దించడం ఇదే పొరపాటు. పాత రకం ఏసీ 16 పెట్టినా 24 పెట్టినా ఒకే బలంతో చల్లబరుస్తుంది. ఇన్వర్టర్ ఏసీ కొంచెం గట్టిగా పనిచేయవచ్చు గానీ, అది 16 దాకా ఆగకుండా నడుస్తూనే ఉంటుంది.

ఇక వారం మొత్తానికి వేళలు నింపుకునే ప్రోగ్రామబుల్ థర్మోస్టాట్ల కథ. రోజుకు ఎనిమిది గంటల పాటు ఉష్ణోగ్రతను 4 నుంచి 5.5 డిగ్రీలు తగ్గిస్తే ఏడాది ఖర్చులో పది శాతం దాకా ఆదా చేయవచ్చని అమెరికా ఇంధన శాఖ చెబుతుంది. కాగితం మీద లెక్క సరైనదే. కానీ చాలా ఇళ్లలో ఆ వేళల్ని ఎవరూ నింపలేదు. నింపినవాళ్లు కూడా నచ్చని రోజున ‘హోల్డ్’ నొక్కి దాన్ని శాశ్వతంగా అలాగే వదిలేశారు. ఈ పరికరాలను వాడటం ఎంత కష్టమో లారెన్స్ బర్క్‌లీ జాతీయ ప్రయోగశాలలో అలన్ మయర్ బృందం అధ్యయనం చేసింది. ఆదా నిరూపణ కాకపోవడంతో అమెరికా ప్రభుత్వపు ఎనర్జీ స్టార్ పథకం 2009 చివరికి ఈ పరికరాలకు ముద్ర ఇవ్వడం ఆపేసింది. 2011లో వచ్చిన నెస్ట్ థర్మోస్టాట్ మళ్లీ గుండ్రని వలయానికి వచ్చి, వేళల్ని ఇంటివాళ్ల అలవాటు చూసి తానే నేర్చుకునే దారి పట్టింది. బొత్తాలు తగ్గించిన ఆ నిర్ణయం మంచిదే. కాకపోతే ఇంట్లో నలుగురికీ నాలుగు అలవాట్లుంటే అది ఎవరిది నేర్చుకోవాలో తేలదు.

మన శరీరానికి ఎంత హాయి

విదేశీ ప్రమాణాల అంకెల్ని తెచ్చి మన గోడలకు తగిలించడంలో మరో పొరపాటు ఉంది. భారత జాతీయ భవన నియమావళి వేసవికి 23 నుంచి 26 డిగ్రీలను హాయిగా భావించింది. హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో 2008 వేసవి, వానాకాలాల్లో మాధవి ఇంద్రగంటి చేసిన క్షేత్ర పరిశోధనలో జనం 29 డిగ్రీల చుట్టూ హాయిగా ఉన్నామని చెప్పారు. హాయి పరిధి 26 నుంచి 32 దాటి ఉంది. ఫ్యాను వేసుకోవడం, కిటికీ తీయడం, పలుచని నూలు బట్టలు కట్టుకోవడం, నీడ ఉన్న గదిలోకి జరగడం ఇవన్నీ అందులో భాగమే. అంటే మన ఇంట్లో మొదటి నియంత్రణ మీట ఫ్యాను రెగ్యులేటర్, రెండోది కిటికీ. ఏసీ ఆ తర్వాతిది. కేంద్ర ఇంధన సామర్థ్య సంస్థ (బీఈఈ) 2020 జనవరి నుంచి గది ఏసీలు ఆన్ చేయగానే 24 డిగ్రీల వద్ద మొదలవ్వాలని నియమం పెట్టింది. ఒక్కో డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు మిగులుతుందని దాని లెక్క. ఇది గమనించదగిన సరళీకరణ. ఎవరికీ ఏమీ నేర్పకుండా మొదటి అంకెను మార్చారు, అంతే.

ఇక్కడి ఇంట్లో నడిచే లెక్క

15 లీటర్ల గీజరులో 15 డిగ్రీల చలినీటిని 60 డిగ్రీలకు కాచడానికి సుమారు 0.8 యూనిట్ల కరెంటు కావాలి. 2,000 వాట్ల గీజరుకు 25 నిమిషాల లోపు పని. ఆ తర్వాత లోపలి థర్మోస్టాట్ దాన్ని ఆపేస్తుంది, కానీ స్విచ్చు వేసే ఉంటే చల్లారిన ప్రతిసారీ మళ్లీ వెలుగుతుంది. 2,000 వాట్ల రూమ్ హీటరు గంటకు 2 యూనిట్లు తింటుంది. రోజుకు మూడు గంటలు వాడితే నెలకు 180 యూనిట్లు.

ఈ అంకెకు తెలంగాణలో ప్రత్యేకమైన బరువుంది. 2024 మార్చి నుంచి గృహజ్యోతి పథకం కింద అర్హులైన ఇళ్లకు నెలకు 200 యూనిట్ల దాకా బిల్లు సున్నా. దాటితే మొత్తం బిల్లు కట్టాలి. మామూలుగా 120 యూనిట్లు వాడే ఆదిలాబాద్ ఇంట్లో చలికి రోజూ మూడు గంటల హీటరు చేరితే ఆ నెల సున్నా బిల్లు పోతుంది. అదే హీటరును తెల్లవారుజామున ఒక్క గంట నడిపితే 60 యూనిట్లే చేరి, పరిధిలోనే ఉంటుంది. ఇక్కడ ఒక టైమర్ స్విచ్చు చేసే మేలు ఏ ఖరీదైన యాప్ కూడా చేయదు.

వేడి పుట్టించే దారుల్లో పొదుపైనది ‘హాట్ అండ్ కోల్డ్’ ఏసీ. హీటరు ఒక యూనిట్ కరెంటుకు ఒక యూనిట్ వేడి ఇస్తే, ఇది బయటి గాలిలోని వేడిని లోపలికి తోడి సుమారు మూడు యూనిట్ల వేడి ఇస్తుంది. మే నెలలో చల్లదనానికి ఎలాగూ ఏసీ కొనే ఇంటికి, అదే యంత్రం జనవరికీ పనికొస్తుంది. గల్ఫ్‌కు వెళ్లి ఏసీ మెకానిక్ పని నేర్చుకొని వచ్చినవాళ్లు జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ వైపు ఉన్నారు గనక బిగించడానికి, బాగు చేయడానికి మనుషులు దొరుకుతారు.

కూలరు సంగతి వేరు. మే నెల పొడి వేడిలో అది అద్భుతంగా పనిచేస్తుంది, వానలు పడి గాలిలో తేమ చేరగానే పని మానేస్తుంది. దాని మీద సాధారణంగా మూడు మీటలుంటాయి: పంపు, ఫ్యాను, రెక్కల ఊపు. ముందు పంపు వేసి, గడ్డి తడిసేదాకా రెండు మూడు నిమిషాలు ఆగి, తర్వాత ఫ్యాను వేయాలి. ఎదురుగా ఉన్న కిటికీ తెరిచి ఉంచాలి. చాలా ఇళ్లలో తలుపులన్నీ బిగించి కూలరు వేస్తారు. గదిలో తేమ నిండి ఉక్కపోత తప్ప చల్లదనం రాదు.

సులభం చేసే దారి

స్విచ్‌బోర్డు దగ్గర మొదలుపెట్టాలి. ఒక్కో గదిలో ఎనిమిది, పది స్విచ్చులు వరుసగా ఉంటాయి, ఒక్కో గదిలో ఒక్కో వరుస. తలుపు వైపు నుంచి మొదట లైటు, తర్వాత ఫ్యాను, చివర పెద్ద సాధనాలు అనే వరుసను ఇల్లంతటా ఒకేలా పాటిస్తే చీకట్లో కూడా చెయ్యి తప్పదు. గీజరుకు 16 యాంపియర్ల స్విచ్చు, ఎర్ర దీపంతో సహా, స్నానాల గది బయట తలుపు పక్కన ఉండాలి. అది వెలుగుతోందా లేదా అన్నది వంటింట్లోంచి వచ్చేవారికి కూడా కనబడాలి. స్విచ్చుల పక్కన ‘గీజరు’, ‘హీటరు’, ‘కూలరు పంపు’ అని తెలుగులో రాసి అతికిస్తే ఇంట్లోని పెద్దవాళ్లు ఎవర్నీ అడగాల్సిన పని ఉండదు.

ఏసీ రిమోట్‌లో తగువంతా ‘మోడ్’ బొత్తంతో. చల్లదనం, వేడి, పొడి, ఫ్యాను, ఆటో అంటూ అది తిరుగుతూ ఉంటుంది. పొరపాటున ఒక్కసారి నొక్కితే ఏసీ నడుస్తున్నట్టే ఉంటుంది, గది చల్లబడదు, మెకానిక్‌కు ఫోను వెళ్తుంది. కాలం మారినప్పుడు మాత్రమే మోడ్ మార్చి, మిగతా రోజుల్లో ఆ బొత్తం మీద చిన్న టేపు ముక్క అతికించేయడం మంచి పని. హాట్ అండ్ కోల్డ్ ఏసీని ‘ఆటో’లో వదిలితే అది కొన్నిసార్లు వేడికీ చల్లదనానికీ మధ్య ఊగుతుంది. వేడి 20 దాకా, చల్లదనం 26 నుంచి, మధ్యలో ఏదీ నడవకూడదన్న నియమం పెట్టుకుంటే ఆ గొడవ ఉండదు. రిమోట్ పోయినా, బ్యాటరీ అయిపోయినా ఏసీ ముందు తలుపు ఎత్తితే లోపల చేతితో నొక్కే చిన్న బొత్తం చాలా ఏసీల్లో ఉంటుంది. ఇంట్లో అందరికీ దాన్ని చూపించి ఉంచాలి.

ఫోనులో యాప్ పెట్టుకొని అన్నింటినీ ఒకేచోటికి తేవడం ఇప్పుడు మొదలైంది. వైఫై ప్లగ్గులు, రిమోట్ సంకేతాలు పంపే చిన్న పరికరాలు కరీంనగర్ దుకాణాల్లో కూడా దొరుకుతున్నాయి. ఇవి ఉపయోగపడతాయి, ఒక్క షరతు మీద. ఇంటర్నెట్ పోయినా, ఫోను ఎవరి దగ్గరో ఉండిపోయినా గోడ మీది మీట పనిచేయాలి. ఎవరైనా చేత్తో మార్చితే ఆ మార్పు ఆ పూటకు మాత్రమే ఉండి, మర్నాడు మళ్లీ మామూలు వేళలకు రావాలి. ఈ రెండూ లేని వ్యవస్థను కొనవద్దు.

వలస వెళ్లిన ఇళ్లలో

అసలైన బహుళ జోన్ తాపన వ్యవస్థతో తెలుగువారికి పరిచయం ఎక్కువగా అమెరికా, కెనడా, ఐరోపా ఇళ్లలోనే జరుగుతోంది. న్యూజెర్సీలోనో షికాగోలోనో కొడుకు, కోడలు ఉద్యోగాలకు వెళ్లిపోతే, కరీంనగర్ నుంచి వెళ్లిన అవ్వ, బాపు పగలంతా ఆ ఇంట్లో ఉంటారు. ఇంట్లో ఎవరూ ఉండరని పిల్లలు ముందే పెట్టిన వేళకు థర్మోస్టాట్ వేడిని తగ్గించేస్తుంది. గోడ మీది అంకెలు ఫారన్‌హీట్‌లో ఉంటాయి. 68 అంటే 20 డిగ్రీలని, 72 అంటే 22 అని చెప్పేవారు ఉండరు. పెద్దవాళ్లు వచ్చినప్పుడు పిల్లలు చేయాల్సిన పని రెండు నిమిషాలది. పగటి తగ్గింపు తీసేయాలి, లేదా వాళ్లు కూర్చునే జోన్ ఒక్కదాన్ని వేరుగా ఉంచాలి. పరికరంలో సెల్సియస్‌కు మార్చే సౌకర్యం ఉంటే మార్చాలి. ‘పైకి బాణం నొక్కితే వెచ్చన, కిందికి నొక్కితే చల్లన, మిగతా వాటి జోలికి పోవద్దు’ అని తెలుగులో కాగితం రాసి పక్కన అంటించాలి.

ఉత్తర తెలంగాణలో కొత్త ఇల్లు కట్టేవారికి ఒక మాట. గోడలు లేచాక, వైరింగు గొట్టాలు వేయకముందే ఎలక్ట్రీషియన్‌ను కూర్చోబెట్టి మాట్లాడండి. గీజరుకు, పడకగదిలో ఒక పెద్ద సాధనానికి విడి లైన్లు, విడి ఎంసీబీలు అడగండి. హీటరు పెట్టే చోట టైమర్ స్విచ్చుకు జాగా వదలమనండి. అన్ని గదుల్లో స్విచ్చుల వరుస ఒకేలా ఉండాలని చెప్పండి. స్లాబు మీద తెల్లపూతకు డబ్బు పక్కన పెట్టుకోండి. అప్పటికీ మిగిలిన ఎండకూ చలికీ ఒక్క హాట్ అండ్ కోల్డ్ ఏసీ చాలు, అది కూడా పెద్దవాళ్లు పడుకునే గదిలో పెట్టండి.